అయ్యగారి కంట్లో మనిషి

ఆ గురువారం పొద్దున పదునుగారు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ఎనిమిదింటికల్లా ఫ్యాక్టరీ పెద్దాయన ఫోటోకి చివరి మెరుగులు దిద్దాలి. మధ్యాహ్నానికి నాలుగడుగుల ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాలి. నాలుగింటికి అట్టపెట్టెల ఫ్యాక్టరీ మీటింగు హాల్లో గోడకి తగిలించాలి. ఐదింటికి ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటికి రావాలి. మనిషన్నవాడు ఇంతకంటే తక్కువ ఏం కోరుకుంటాడు చెప్పండి?

పదునుగారు అంటే కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, బజారు పెట్టిన పేరు. ఇరవై ఏళ్ళుగా ఆయన స్టూడియోలో ఫోటో దిగినవాళ్ళెవరూ తమ ముఖం మీది ఒక్క మచ్చనీ దాచుకోలేకపోయారు. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టడానికి వీలుగా ఉంటేనే అది ఫోటో అని ఆయన సిద్ధాంతం. కంప్యూటర్లో పదును పెంచే మీట ఒకటుంది కదా, దాన్ని అందరూ కొంచెం జరిపి ఆపుతారు. ఈయన జరిపి, వెనక్కి వాలి చూసి, "ఇంకాస్త" అనుకుని మళ్ళీ జరుపుతాడు. ఆయన తీసిన పెళ్ళిచూపుల ఫోటోలవల్ల తప్పిపోయిన సంబంధాలు అరడజను దాకా ఉన్నాయని వినికిడి.

దీపాల విషయంలోనూ ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఎదురుగా మెత్తటి వెలుగు పడితే ఎంతటివాడైనా అమాయకుడిలా ఉంటాడు. పక్కనుంచి గట్టి దీపం కొడితే ఎంత అమాయకుడైనా ఏదో చేసొచ్చినవాడిలా ఉంటాడు. ఈ సంగతి ఆయన ఆ మధ్య సొంత బావమరిది మీదే వాడాడు.

బావమరిది పదకొండేళ్ళుగా ఆ పెద్దాయన కారు నడిపే డ్రైవరు. నాలుగు నెలల కిందట ఒక తెల్లవారుజామున ఆ కారు కింద పడి, రోడ్లు ఊడ్చే ఒకావిడ చనిపోయింది. "బండి నేనే నడిపాను. హఠాత్తుగా అడ్డొచ్చింది" అని బావమరిది కాగితం మీద సంతకం పెట్టాడు. ఆ తరవాత ఇంట్లో ఆ ఊసెత్తితే లేచి పెరట్లోకి వెళ్ళిపోతున్నాడు. మనిషి సగమైపోయాడు. తల్లి పోయాక అతన్ని పెంచింది పదునుగారి భార్యే. తమ్ముడి కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండిపోతుంటే ఆవిడకీ ముద్ద దిగడం లేదు.

సోమవారం తీర్పు. యజమాని దగ్గర్నుంచి "నమ్మకస్తుడు, నెమ్మదస్తుడు" అని ఒక ఉత్తరం, దానితోపాటు చూడగానే జాలి పుట్టే ఫోటో ఒకటి జతచేస్తే శిక్ష తగ్గచ్చని వకీలు చెప్పాడు. ఉత్తరం లేకపోతే ఎన్నేళ్ళో తాను చెప్పలేనన్నాడు.

ఫోటో పని ఇంట్లోనే అయిపోయింది. నేల నుంచి కప్పుదాకా ఉన్న పెద్ద కిటికీకి ఎదురుగా బావమరిదిని కూర్చోబెట్టి, కిటికీ ముందు భార్యని నిలబెట్టి, ఆవిడ రెండు చేతుల్లో రెండు తెల్లట్టలు పెట్టి, చేతులు బాగా చాపమన్నాడు. అట్టల మీంచి వెలుగు వెన్నలా వచ్చి అతని ముఖాన పడింది. కిటికీ వెలుగుకి కళ్ళలో చక్కటి మెరుపు చుక్కలు. వకీలు కూడా ఆ ఫోటో చూసి, "ఈయన చీమనైనా తొక్కుతాడా!" అన్నాడు.

ఇక మిగిలింది ఉత్తరం. ఫ్యాక్టరీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయని పెద్దాయన ఫోటో పని పదునుగారికే వచ్చింది. "ఫోటో గోడకెక్కాక ఉత్తరం మా ఆవిడ ఇస్తుంది. ముద్ర ఆవిడ సొరుగులో ఉంటుంది" అన్నాడు పెద్దాయన. నిజానికి ఫ్యాక్టరీలో గాలి కూడా అమ్మగారి సొరుగులోంచే వీస్తుంది.

ఫోటో ఫ్యాక్టరీలో పెద్దాయన గదిలోనే తీశాడు. ఆ రోజు గదిలోకి రాగానే పెద్దాయన దీపం స్టాండుని చూసి, "కూర్చోవయ్యా, నిలబడే ఉన్నావేం" అన్నాడు. పదునుగారు ఆయన వెనక నుంచి, "ఇక్కడున్నానండి" అనాల్సి వచ్చింది. కళ్ళజోడు పెట్టుకోమని చెప్పే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. "గద్ద కళ్ళు నావి" అంటాడాయన. "నవ్వూ గివ్వూ అక్కర్లేదు. చూస్తే భయం వెయ్యాలి" అని కూడా అన్నాడు. సరేనని పదునుగారు పక్కనుంచి, పైనుంచి, గట్టి దీపమే కొట్టాడు.

ఆ గురువారం పొద్దున కంప్యూటర్లో చూసుకుంటే నిజంగానే భయం వేసింది. కనుబొమల కింద రెండు గుంటలున్నాయి గానీ కళ్ళు లేవు. నీడ తగ్గించి చూశాడు. అప్పుడు కళ్ళు బయటపడ్డాయి గానీ వాటిమీద పలచగా తెల్లటి పొర, మెరుపన్నది మచ్చుకైనా లేదు. పెద్దాయన ఫోటోలోంచి బయటకి కాకుండా లోపలికి చూస్తున్నట్టున్నాడు.

"ఏమండీ, అయిందా?" వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఆ, అయిపోతోంది!"

"ఇవాళ ఉత్తరం లేకుండా మాత్రం ఇంటికి రాకండి."

మళ్ళీ తీద్దామంటే పెద్దాయన వ్యాపారం పనిమీద శనివారం దాకా ఊళ్ళో లేడు. అప్పుడు పదునుగారు ఈ వృత్తిలో నలుగురూ చేసి, నలుగురికీ చెప్పని పని చేశాడు. బావమరిది కళ్ళలోని మెరుపు చుక్కలు కత్తిరించి తెచ్చి పెద్దాయన కళ్ళలో పెట్టాడు. పెద్దాయనకి ప్రాణం లేచొచ్చింది. దాన్ని చూసి ముచ్చటపడి పదును మీట జరిపాడు. వెనక్కి వాలి చూశాడు. "ఇంకాస్త" అనుకున్నాడు.

నాలుగింటికి ఫోటో గోడకెక్కింది. గుమ్మంలోంచి చూస్తే దివ్యంగా ఉంది. కానీ అమ్మగారు దేన్నీ గుమ్మంలోంచి చూసే మనిషి కాదు. ఫ్యాక్టరీలో ప్రతి పెట్టె అతుకునీ గోటితో గీరి చూసే మనిషి. కుర్చీ లాక్కుని, ఎక్కి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, భర్త ముఖాన్ని గడ్డం దగ్గర్నుంచి తనిఖీ చేస్తూ పైకి పోయింది. కళ్ళ దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఇదెవరు?" అంది.

"అయ్యగారేనండి" అన్నాడు పదునుగారు.

"అయ్యగారిని నేనెరుగుదును. అయ్యగారి కంట్లో ఎవరని?"

పదునుగారు ఇంకో కుర్చీ ఎక్కాడు. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. కోటు గుండీ అంత ఉన్న నల్లగుడ్డులో, తెల్లటి వెలుగు ముందు నల్లగా ఒక ఆడమనిషి. రెండు చేతులూ చాపి ఉంది. రెండో కంట్లోనూ అంతే. పదును ఎంత బాగా పెట్టాడంటే, తల వెనక ముడి కూడా తెలుస్తోంది.

నిజం చెప్పెయ్యచ్చు. "మీ ఆయన కళ్ళు బాలేవని మా బావమరిది కళ్ళు పెట్టానండి" అని. చెప్పి, ఆ నోటితోనే ఉత్తరం ఎలా అడగడం? పదునుగారి నాలుక తనంతట తానే కదిలింది.

"అది దీపం స్టాండండి."

"దీపం స్టాండుకి కొప్పుంటుందా?"

"అంటే... స్టాండు పట్టుకున్న మనిషండి. మీ ఆఫీసు టైపిస్టుగారు కాస్త సాయం పట్టారు."

టైపిస్టు వచ్చే నెల రిటైరవబోతున్న పెద్ద మనిషి. అమ్మగారు కుర్చీ మీంచి దిగకుండానే ఆవిణ్ణి పిలిపించింది. ఆవిడ రెండు చేతులూ జోడించి, "అమ్మా, ఆ రోజు నేను కంటి ఆపరేషనుకి సెలవు పెట్టానండి. మీరే సంతకం పెట్టారు" అంది.

అమ్మగారు నెమ్మదిగా కిందికి దిగింది. "అంటే ఆ గదిలో ఎవరో ఉంది. ఆయన దాన్ని కళ్ళప్పగించి చూస్తున్నారు. అది చేతులు చాపి పిలుస్తోంది. ఎవరో నీకు తెలుసు, నాతో అబద్ధమాడుతున్నావు" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఆ ఉత్తరం..." అన్నాడు పదునుగారు.

"దాని పేరు చెప్పు. ముద్ర వేస్తాను."

ఇంటికొచ్చి భార్యతో, "ఫ్రేముకి చిన్న గీత పడింది. రేపిస్తామన్నారు" అని చెప్పాడు. బావమరిది పెరట్లోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే ఫ్యాక్టరీ తెరవకముందే పదునుగారు కాపలావాణ్ణి బతిమాలుకుని ఫోటో దింపి పట్టుకొచ్చాడు. కళ్ళలో ఉన్న మనిషిని చెరిపేసి, ఉత్త తెల్ల చుక్కలు పెట్టి, జీవితంలో మొట్టమొదటిసారి పదును తగ్గించి, కొత్త ప్రింటు తీయించి, పదకొండింటికి అదే మేకుకి తగిలించాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

అమ్మగారు వచ్చింది. కుర్చీ ఎక్కింది. దిగింది.

"నిన్న ఉంది. ఇవాళ లేదు. ఎక్కడికి పంపించేశావు?"

"ఎవరూ లేరండి అమ్మగారూ, అది ధూళి. తుడిచేశాను."

"ఆయన ఊరినుంచి నీకు ఫోను చేశారా? తుడిచెయ్యమన్నారా?"

"అయ్యో, లేదండి!"

"నిన్ననే ఫోన్లో ఆ కన్ను ఫోటో తీసుకున్నాన్లే" అని అమ్మగారు చూపించింది. "రేపు పదింటికి ఆయన రైలు దిగుతారు. పదకొండింటికి నువ్వూ ఇక్కడుండాలి. మీ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి అడుగుతాను. అప్పటిదాకా ఉత్తరమూ లేదు, గిత్తరమూ లేదు. నీ బావమరిది గురించి నాకిప్పుడు జాలిపడే తీరిక లేదు."

అన్నట్టు, ఆ ప్రమాదం జరిగిన దగ్గర్నుంచీ పెద్దాయన కారెక్కడం మానేశాడు. ఎక్కడికైనా రైలే. కారు చూస్తే ఆ చనిపోయినావిడ గుర్తొస్తోందట, ఎంత మెత్తటి మనసో అని ఫ్యాక్టరీలో అందరూ అనుకునేవారు.

ఆ సాయంత్రం పదునుగారి ఫోను మోగింది. అమ్మగారు ఆ కన్ను ఫోటో పంపించింది. కింద, "ఈవిణ్ణి మీ ఇంట్లో ఎవరైనా గుర్తుపడితే చెప్పండి" అని రాసింది. ఫోను బల్లమీద ఉంది. చూసింది భార్య.

"ఇది నేను కదూ?" అంది.

పదునుగారు ఫోను లాక్కోబోయాడు.

"ఈ మోచెయ్యి నాదండీ. ఇరవై ఏళ్ళు మీ అట్టలు మోసి మోసి ఇలా వంకరపోయింది. నేను ఆవిడ ఫోన్లో ఎందుకున్నాను?"

దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు. పదునుగారు మొత్తం చెప్పేశాడు. చెబుతుంటే ఆవిడ ముఖం రంగులు మారింది.

"నన్ను తీసుకెళ్ళి పరాయి మగాడి కంట్లో పెట్టారా?"

"నిన్ను కాదే. వెలుగు పెట్టాను. అందులో నువ్వున్నావు."

"వాడి బతుకు ఆ ఉత్తరం మీద వేలాడుతోంది. మీరు దాన్ని తీసుకెళ్ళి..." ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంది: "రేపు నేనూ వస్తాను. ఆ చేతులు చాపింది నేనేనని, అట్టలు పట్టుకున్నానని అమ్మగారికి నా నోటితో చెబుతాను. తిడితే తిట్టనీ. కాళ్ళు పట్టుకునైనా ఉత్తరం తెస్తాను."

గుమ్మంలోంచి బావమరిది, "నేనూ వస్తానక్కా" అన్నాడు. నాలుగు నెలల్లో అతను తనంతట తాను అన్న మొదటి మాట అది.

శనివారం పదకొండింటికి ముగ్గురూ మీటింగు హాల్లోకి అడుగుపెట్టారు. పెట్టి, అక్కడే ఆగిపోయారు. అమ్మగారు ఊరుకోలేదు. ఆ ఫోన్లో ఫోటోని ఇంకో స్టూడియోకి పంపి, పెద్ద తలుపంత ప్రింటు తీయించి బల్లకి ఆనించింది. ఆ స్టూడియోవాడు పదును విషయంలో పదునుగారినే మించిపోయాడు. మెత్తగా ఉన్నదంతా గరుకు తేలింది. చుట్టూ బూడిదరంగు వెలుగు. మధ్యలో నల్లటి మనిషి, చాపిన రెండు చేతులు, చేతుల అంచుల వెంబడి తెల్లటి గీత. ముఖం లేదు. పదునుగారికి తన భార్య పక్కనే నిలబడి ఉన్నా ఒళ్ళు జలదరించింది.

"ఎంత పదును పెట్టాడో, నన్ను దెయ్యాన్ని చేశాడు" అని భార్య గొణిగింది. తరవాత గొంతు సవరించుకుని ముందుకి అడుగేసింది. "అమ్మగారూ, మీకొక సంగతి చెప్పాలండి. అందులో ఉన్నది..."

"ఆగు. ఆయన రానీ" అంది అమ్మగారు.

పెద్దాయన అప్పుడే లోపలికొచ్చాడు. చేతిసంచీ ఇంకా చేతిలోనే ఉంది. దూరం నుంచి ఆయనకేమీ కనబడలేదు. "ఏమిటిది, కొత్త పెట్టె నమూనానా?" అంటూ ఆ ప్రింటు దగ్గరికి వచ్చాడు. ఇంకా దగ్గరికి వచ్చాడు. బారెడు దూరంలోకి వచ్చాక ఒక్కసారిగా వెనక్కి తూలాడు. సంచీ జారి కింద పడింది.

"మీ కంట్లో ఉన్న మనిషి. మీ కంట్లోనే, ఆ ఫోటోలో దొరికింది. ఎవరది?" అంది అమ్మగారు.

పెద్దాయన గోడమీది తన ఫోటో వైపు చూశాడు. మళ్ళీ దీనివైపు చూశాడు. చెయ్యెత్తి తన కనురెప్పలు తడుముకున్నాడు.

"ఇంకా ఉందా?" అన్నాడు. "నా కళ్ళలో ఇంకా ఉందా?"

"అంటే ఒప్పుకుంటున్నారా? ఎవరది? ఎన్నాళ్ళుగా?"

"ఇలాగే నిలబడింది" అన్నాడు పెద్దాయన. ఆవిడ మాట ఆయనకి వినబడలేదు. "ఇలాగే చేతులు చాపి నిలబడింది. చీపురు పక్కన పారేసింది. ముందు రోడ్డు తవ్వేసి ఉంది, గుంట ఉంది, ఆగండి ఆగండని అరిచింది. మమ్మల్ని ఆపడానికే వచ్చింది. నాకు దగ్గరికొచ్చేదాకా కనబళ్ళేదు."

అమ్మగారికి ముందు అర్థం కాలేదు. భర్తకి ఒక ఆడమనిషి ఉందని ఒప్పించడానికి మూడు రోజులుగా సిద్ధపడి వచ్చిన మనిషి ఆవిడ.

"మీకు కనబడకపోవడమేమిటి? బండి నడిపింది డ్రైవరు కదా?"

బావమరిది ముందుకొచ్చి, "అయ్యగారూ, వద్దండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో అందరికీ తెలిసిపోయింది. అమ్మగారు వెనక కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే కూలబడింది. అదృష్టంకొద్దీ ఉంది.

"ఒరే, నువ్వు కాదా?" అంది పదునుగారి భార్య. "నాలుగు నెలలు! నాతో కూడా చెప్పలేదేరా?"

"తాళాలు ఇచ్చింది నేనేనక్కా" అన్నాడతను. "ఆయనకి సరిగ్గా కనబడదని తెలుసు. కొత్త బండి, నేను నడుపుతానన్నారు. పదకొండేళ్ళ ఉప్పు తిన్నవాణ్ణి, కాదనలేకపోయాను. తరవాత, నువ్వు ఒప్పేసుకో, మిగతాది నేను చూసుకుంటాను అన్నారు. అడ్డొచ్చిందని రాశాం. ఆవిడ అడ్డు రాలేదక్కా. మమ్మల్ని కాపాడ్డానికి వచ్చింది. అలా రాసి సంతకం పెట్టాను." అని గోడకి తిరిగి భోరుమన్నాడు.

ఇంత జరుగుతుంటే పదునుగారి లోపల ఇంకో గొడవ జరుగుతోంది. ఆయన చెడ్డవాడు కాదు, కంగారుమనిషి. పెద్దాయన అట్టలు పట్టుకున్న ఒక ఆడదాన్ని చూసి చచ్చిపోయిన మనిషనుకుని వణికిపోతున్నాడు. ఆ మెరుపు ఆయన కళ్ళది కానే కాదు, పక్కన ఏడుస్తున్న డ్రైవరు కళ్ళది. ఇది తప్పు కదా, చెప్పెయ్యాలి కదా అని పదునుగారు నోరు తెరిచాడు.

"అయ్యగారూ, అసలు అది..."

భార్య ఆయన మణికట్టు పట్టుకుంది. ఇరవై ఏళ్ళు అట్టలు మోసిన చెయ్యి, పట్టు మామూలుగా ఉండదు. నిజం చెప్పడానికే పనిగట్టుకుని వచ్చిన మనిషి, పెదాలు కదలకుండా, "నోరెత్తారంటే చంపేస్తాను" అంది. పదునుగారు తెరిచిన నోరు మూసుకోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

పెద్దాయన కింద పడ్డ సంచీ తీసుకోబోయి, అది ఎక్కడుందో కనబడక వంగి నేలంతా తడిమాడు. ఎవరూ అందించలేదు. చివరికి ఆ సంచీ వదిలేసి, "పోలీసుల్ని పిలవండి" అన్నాడు. అమ్మగారు తలెత్తకుండా ఫోను తీసింది. నంబరు నొక్కింది.

సోమవారం తీర్పు రాలేదు, వాయిదా పడింది. చంపిన నేరం బావమరిది మీంచి తీసేస్తారని, అబద్ధపు సంతకం పెట్టినందుకు మాత్రం ఇంకో కేసు తప్పదని వకీలు చెప్పాడు. "అది చేశాను. దానికెంతైతే అంత" అన్నాడు బావమరిది. ఆ పూట కంచంలో పెట్టినదంతా తిన్నాడు. చనిపోయిన ఆవిడ గురించి కాగితంలో "హఠాత్తుగా అడ్డొచ్చింది" అన్న చోట కొట్టేసి, "ఆపబోయింది" అని రాశారు. ఆవిడకి దక్కింది అంతే.

బుధవారం పదునుగారిని స్టేషనుకి పిలిచారు. ఆఫీసరు బల్లమీద ఆ తలుపంత ప్రింటు పరిచి ఉంది. ఫోటోతో కేసు నిలబడదని, పెద్దాయన వాంగ్మూలమే చాలని, అయినా దొరికిన వస్తువుల జాబితాలో రాసుకోవాలని ఆఫీసరు చెప్పాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"నాలుగు నెలల కిందట చనిపోయిన మనిషి, మొన్న తీసిన ఫోటోలో, కంట్లో ఎలా వచ్చిందండీ?" అన్నాడు. "నా సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు. నిజం చెప్పండి, ఇందులో మీరేమైనా మార్పులు చేశారా?"

గోడవారగా బెంచీ మీద కూర్చున్న భార్య చేతులు కట్టుకుని భర్తనే చూస్తోంది. పదునుగారు ఆవిడ వైపు ఒకసారి, ఫోటో వైపు ఒకసారి చూశాడు.

"కొంచెం పదును పెట్టానండి" అన్నాడు. "అంతే."